తక్కెడ మొగ్గు

మా చిన్ననాట తెనాలిలో మా వీధి మొగను ఒక పచారీకొట్టు ఉండెడిది. వీసెలు పోయి కిలోలు వచ్చిన క్రొత్తదినములవి. కొట్టు యజమానియైన శెట్టిగారు కందిపప్పు తూచునపుడు, త్రాసుముల్లు నిట్టనిలువుగా నిలిచిన పిదప అంతటితో ఊరకొనక, మరల గోనెలో చేయి పెట్టి గుప్పెడు పప్పు తీసి పళ్ళెములో విదల్చెడివారు. ముల్లు మా వైపునకు ఒకింత వ్రాలెడిది. ఆ వ్రాలుటను మొగ్గు అనియు, ఆ గుప్పెటిని కొసరు అనియు అందురు. నేను ఇల్లు చేరిన వెంటనే మా నాయనమ్మ పొట్లము విప్పకయే "కొసరు వేసినాడట్రా?" అని అడిగెడిది, లేదన్నచో తిరిగి పంపెడిది. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ అని శెట్టిగారు ఆమెను ఎగతాళి పట్టించినను, ఆమె పంపిన మనుమని చేతిలో బెల్లపుముక్క పెట్టక త్రిప్పిపంపిన దినము మాత్రము నాకు జ్ఞాపకము లేదు.

నేడు మా ఇంట పప్పును ఉప్పును మా కోడలు సెల్‌ఫోనులో ఆర్డరు పెట్టును. సరుకు గడపకు వచ్చును. తూకము సంచిపై అచ్చయి యుండును. ఆ తూకములో ఎక్కువయు ఉండదు, తక్కువయు ఉండదు. కూరలమ్మి గంపలోనుండి రెండు రెబ్బలు త్రుంచి ఊరకనే పడవేసెడి కరివేపాకునకు సైతము అచ్చట ధర కలదు. వీధికొట్టులో కొనుట మేలా, ఫోనులో కొనుట మేలా యను చర్చ వచ్చినపుడు పెద్దలు ధరవరలను, రాయితీలను, మూతపడిన దుకాణములను లెక్కింతురు. ఆ లెక్కలు అర్థశాస్త్రజ్ఞులవి, వారికే విడుతును. నన్ను వేధించు ప్రశ్న వేరొకటి: ధర చెల్లించుటతో అమ్మినవానికిని కొన్నవానికిని గల సంబంధము తీరిపోవునా, లేక ఋణమేదైనను మిగులునా?

మహాభారత శాంతిపర్వమున జాజలి యను తపస్వి కథ కలదు. ఆయన స్థాణువువలె నిలిచి తపము చేయుచుండగా జడలలో పక్షులు గూడు కట్టి, గ్రుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకు రెక్కలు వచ్చి ఎగిరిపోవువరకును కదలలేదట. అవి ఎగిరిపోగానే, ధర్మమును సాధించితినని గర్వించెనట. అంతట అదృశ్యవాణి యొకటి, వారణాసియందలి తులాధారునితో నీవు సరిగావని పలికెను. ఆ తులాధారుడు మునియు కాడు, రాజును కాడు. రసములు, సుగంధద్రవ్యములు అమ్ముకొని బ్రదుకు వర్తకుడు. మద్యము మాత్రము అమ్మడు. జాజలి వెదకికొనుచు పోవునప్పటికి ఆయన అంగడిలో బేరము చేయుచునే యుండెను. చేయుచునే, తన తక్కెడ సర్వభూతములయెడ సమముగా నిలుచునని, తన ధర్మమంతయు దానిలోనే యున్నదని ఆ తాపసునకు బోధించెను. గురుపీఠము దుకాణపు అరుగుపైకి దిగివచ్చిన ఇట్టి ఘట్టములు మన వాఙ్మయమున తరచు కానరావు.

ఈ కథ చదివినపుడెల్ల నాకొక సందేహము కలుగును. సమముగా నిలిచిన తక్కెడయే ధర్మమైనచో మా శెట్టిగారి మొగ్గు ఏమగును? అది పక్షపాతమా, ధర్మమును మించినదా?

సమత్వమే పరమావధి యైనచో ఫోనులోని అంగడికి మించిన తులాధారుడు లేడని ఒప్పుకొనక తప్పదు. అది కులమడుగదు, గుమ్మము దిగువ నిలువుమనదు. శెట్టిగారి గుప్పెడు అందరి పళ్ళెములలోను పడెడిదా యని ఇప్పుడు తలచికొన్నచో, పడెడిది కాదనియే చెప్పవలసి యున్నది. ఊరి వెలుపలి పల్లెనుండి వచ్చిన స్త్రీ మెట్టు క్రిందనే నిలిచెడిది. ఆమె పొట్లమును పైనుండి జారవిడిచెడివారు. ఆమె నాణెములను అరుగుపై పెట్టించి నీళ్ళు చల్లి తీసికొనెడివారు. నేను చూచితిని; చూచి, బెల్లము చప్పరించుచు ఇంటికి పోతిని. ఆమె మనుమరాలు నేడు ఫోనులో చీర కొనుక్కొన్నచో ఆ చీర నాకు వచ్చినట్లే ఆమెకును వచ్చును. ఊరిలో దొరకని వస్తువునకు అలమటించువారికిని ఈ అంగడి ఉపకారియే. 2007లో బెంగుళూరులో ఫ్లిప్‌కార్టు పుస్తకముల వర్తకముతో ఆరంభమైనపుడు దాని తొలి గ్రాహకుడు మహబూబ్‌నగరు వాసి యనియు, అతడు కోరిన ఆంగ్లగ్రంథమునకై సంస్థాపకులే పుస్తకశాలలు గాలించి సంపాదించి పంపిరనియు చెప్పుదురు. ఎచ్చటనో ఒక దుకాణములో దుమ్ము పట్టియున్న పుస్తకము, దానిని కోరిన మనుష్యుని చేరినది. దీనిని తప్పుపట్టు నోరు నాకు లేదు.

అయితే ఈ తక్కెడ నన్ను ఎరుగనిదియు కాదు. నిన్న నేను వెదకినదేమో, నేడు నాకు చూపవలసినదేమో దానికి తెలియును. శెట్టిగారికిని తెలిసెడిది. మేము బార్లీగింజలు కొన్నచో ఇంట ఎవరికో జ్వరమని ఆయన గ్రహించెడివారు. గ్రహించి, "ఎవరికిరా అబ్బాయీ, తగ్గిందా?" అని అడిగెడివారు, సాయంకాలము మా అరుగుపై వచ్చి కూర్చుండెడివారు. ఫోను కూడ గ్రహించును. గ్రహించి, మరునాడు మరి నాలుగు విధముల బార్లీని చూపును.

శతపథబ్రాహ్మణము దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడింటికి తోడు మనుష్యఋణమును నాల్గవదిగా చెప్పినది. అది తీరుటకు మార్గము ఇంటికి వచ్చినవానికి ఆశ్రయమిచ్చుట, అన్నము పెట్టుట. ధర చెల్లించినచో తీరునని అచ్చట లేదు. మా తండ్రిగారి జీతము ఆలస్యమైన నెలలలో మా పొయ్యి వెలిగినది శెట్టిగారి ఎర్రఅట్ట పద్దుపుస్తకము వలననే. "నేడు నగదు, రేపు అరువు" అను పలక ఆయన తలపై వ్రేలాడుచునే యుండెడిది. ఆ పలక క్రిందనే కూర్చుండి ఆయన మా అరువు వ్రాసికొనెడివారు. ఆ పద్దులన్నియు మా తండ్రిగారు పైసతో తీర్చిరి. ఆ ఋణము తీరినదా యని అడిగినచో మాత్రము నేను బదులు చెప్పజాలను. నేటి ఫోనును అరువిచ్చును గాని, గడువు దాటినచో వడ్డీతో తప్ప మాటాడదు.

కావున తులాధారునికిని శెట్టిగారికిని విరోధము లేదని నాకు తోచుచున్నది. ముల్లు నిలువుగా నిలుచుట న్యాయము; అది అందరికిని రావలసినది. గుప్పెడు దాని పిమ్మట పడునది. ఎవరును హక్కుగా అడుగజాలనిది, మా నాయనమ్మ తప్ప. శెట్టిగారి దోషము మొగ్గు చూపుటలో లేదు. ఆ మొగ్గు మెట్టు దిగకపోవుటలో ఉన్నది. ఫోనులోని అంగడి మెట్టును తీసివేసినది. కాని గోనెలో మరల చేయి పెట్టువాడు అచ్చట ఎవడును లేడు.

1916లో మద్రాసున క్రైస్తవ మిషనరీల సభలో గాంధీజీ స్వదేశిని గురించి మాటాడుచు, దూరపువారిని కాదని దగ్గరివారిని సేవించు బుద్ధియే స్వదేశి యని వివరించిరి. దానిని మతమునకును అన్వయించిరి. నేను ఈ మాటను నమ్మినవాడనే. అయినను దగ్గర యనగా ఎంత? స్వదేశపు సరుకుపై నూటికి 5, పరదేశపు సరుకుపై నూటికి 10 లాభము వర్తకునకు అనుమతించిన కౌటిల్యుడు, దూరమునుండి తెచ్చువాని శ్రమకు విలువ కట్టెనే గాని దానిని పాపమనలేదు. మా వీధికొట్టు నా ఇంటికి నూరు అడుగులు. ఫోనులోని కంపెనీ ఎచ్చటనున్నదో నేనెరుగను. కాని దాని సంచి మోసికొని వచ్చినవాడు నా గడపకు ఒక్క అడుగు దూరమున నిలుచుచున్నాడు.

మొన్న రోహిణీకార్తెలో, మిట్టమధ్యాహ్నము, కిలో కందిపప్పును కరివేపాకుకట్టయు తీసికొని ఒక కుఱ్ఱవాడు వచ్చెను. ఇరువదేండ్లుండవు. హెల్మెటు తీయగా చెమట మెడపైకి కారినది. సంచి అందుకొని, "లోపలికి రా నాయనా, మంచినీళ్ళు తాగి వెళ్ళు" అంటిని. వాడు నా వంక చూచెను, చేతిలోని ఫోను వంక చూచెను. "ఇంకో ఆర్డరు పడింది తాతగారూ, టైమైపోతుంది" అనెను. నేను చెంబుతో గడపకు వచ్చునప్పటికి బండి మలుపు తిరిగినది.