మ్యాట్ కింద చెమ్మ

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో ఆ సంగతి నువ్వు మామూలుగా అనేశావు. "కార్లో ముందు మ్యాట్ కింద ఎప్పుడూ తడే మావయ్యా, రెండుసార్లు ఎండలో వేశాను, మళ్లీ అంతే" అని చెప్పి చిన్నోడి స్కూలు కబుర్లలో పడ్డావు. నాకు మాత్రం రాత్రంతా అదే ఆలోచన. ఫోన్లో చెబితే సగం చెవిదాటి పోతుందని కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒకటి గుర్తుపెట్టుకో. తడి కనిపించిన చోటే లీకు ఉండాలని లేదు. అమ్మమ్మ వాళ్ల పెంకుటింట్లో పెంకు పగిలేది ఒకచోట, చినుకు వాసం వెంబడి పాకి మంచం మీద పడేది ఇంకోచోట. కారూ అంతే. పైగా మీ విశాఖలో వీధులన్నీ ఏటవాలే. ముందు అద్దం దగ్గర దిగిన నీరు బండి వాలి ఉన్న వైపు జారి వెనక సీటు కింద తేలుతుంది. నువ్వు ఆరబెట్టింది మ్యాట్‌ని. నీళ్లొచ్చే దారి అలాగే తెరిచి ఉంది.

ఆ నీరు ఎక్కడిదో వేలితో తాకి, వాసన చూసి తెలుసుకో. వాన లేని రోజున, ఏసీ వేసుకు తిరిగొచ్చాక తడి పెరిగితే అది ఏసీ నీరు. ఏసీ గాలిలోని చెమ్మని లాగి నీరు చేస్తుంది. అది ఒక చిన్న గొట్టం గుండా రోడ్డు మీదికి కారిపోవాలి. ఎండాకాలం బండి ఆపినప్పుడు కింద చిన్న మడుగు కడుతుంది చూశావా, అది ఉండాల్సిన మడుగే. అది కనబడ్డం మానేసి ఎడమ సీటు ముందు కాళ్ల దగ్గర తడయిందంటే ఆ గొట్టం పూడుకుపోయినట్టే. మెకానిక్‌కి అదేమంత పెద్ద పని కాదు. నువ్వు మాత్రం ఇనపతీగ పెట్టి పొడవకు.

వేలికి జిగటగా తగిలి, తియ్యటి వాసన వేస్తే అది కూలెంట్. బానెట్ ఎత్తి కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గిందేమో చూడు. అది విషం తల్లీ. చిన్నోణ్ణి ఆ సీటులో కూర్చోనివ్వకు, బండిని నేరుగా గ్యారేజీకి పంపించు.

నా అనుమానం మాత్రం వాన నీటి మీదే. ముందు అద్దం కింద, వైపర్లు ఉండే చోట నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. అద్దం మీద పడ్డ వానంతా దాని కిందికి దిగి, రెండు కొసల్లో ఉన్న కన్నాల గుండా కిందికి పోవాలి. మీరు బండి పెట్టేదేమో గేటు పక్క కానుగ చెట్టు కింద. ఎండల్లో ఆ పూలు పేలాలు చల్లినట్టు రాలతాయి. నువ్వు వైపర్ వేసి పక్కకి నెట్టేస్తావు. సగం జాలీలోకి జారతాయి, వాటికి ఎండుటాకులు తోడవుతాయి, దుమ్ము కలుస్తుంది. మొదటి వానకి అదంతా నల్లటి ముద్దయి కన్నాలకి అడ్డం పడుతుంది. ఆ పైన నీళ్లు తొట్టిలోలా నిలిచి, బండి లోపలికి గాలి తీసుకునే దారి వెంటే లోపలికి దిగుతాయి. ఒకసారి నేను ఆ జాలీ విప్పి చెత్త తీస్తుంటే అందులో వేలెడంత వేపమొక్క మొలిచి ఉంది, రెండాకులతో, పచ్చగా. ఎన్నాళ్ల నుంచి అక్కడ తడి నిలిచి ఉందో చూడు మరి.

అక్కడ శుభ్రంగా ఉంటే డోర్లు చూడాలి. డోరు అద్దం పక్కనుంచి వాన నీరు డోరు లోపలికి ఎలాగూ దిగుతుంది. డోరు అడుగున కన్నాలు పెట్టింది అది పోవడానికే. ఆ నీరు మనవైపు రాకుండా డోర్ ప్యాడ్ వెనక ఒక పల్చటి షీటుని నల్లటి జిగురుతో అంటిస్తారు. మీ అత్తయ్యకి పాటలంటే ప్రాణం కదా, మా బండికి కొత్త స్పీకర్లు పెట్టించాం. పెట్టిన కుర్రాడు షీటు సగం చింపి వదిలేశాడు. ఆ వానాకాలమంతా నేను గుడ్డలతో తుడుస్తూనే ఉన్నాను. ప్యాడ్ విప్పి చూస్తే గాలికి కొట్టుకుంటోంది ఆ షీటు. మీ బండికి పోయినేడు కిటికీ మోటారు మార్పించానన్నావు. ఏ వైపు డోరుకో గుర్తు తెచ్చుకో.

డిక్కీలో తడి ఉంటే స్టెప్నీ ఎత్తి కింద గుంటలో చూడు, వెనక లైట్ల చుట్టూ రబ్బరు చూడు. సన్‌రూఫ్ మీ బండికి లేదు, ఆ బాధ తప్పింది.

ఇక నీళ్లు పోసి చూడాలి. ప్రెషర్ గన్ వద్దు, మొక్కలకి పోసే పైపు చాలు. లోపల కార్పెట్ మీద పాత పేపర్లు పరిచి, మీ ఆయన్ని టార్చితో లోపల కూర్చోమను. నువ్వు కింద నుంచి మొదలుపెట్టు. ముందు డోరు అడుగు, తర్వాత బీడింగ్, తర్వాత అద్దం, ఆఖరికి పైకప్పు. ఒక్కోచోట అయిదేసి నిమిషాలు ఓపిగ్గా పొయ్యి. పైనుంచి పోస్తే అంతా ఒకేసారి తడిసి ఏదీ తేలదు. పేపరు ఎక్కడ మొదట తడిసిందో చూసి, అక్కణ్ణుంచి పైకి వెతుక్కుంటూ పోవాలి. దారి దొరక్కముందే ఎవరైనా "సిలికాన్ పూసేద్దాం మేడమ్" అంటే ఒప్పుకోకు. నీరు బయటికి పోవాల్సిన కన్నం కూడా మూసుకుపోతుంది.

దారి మూశాకే ఆరబెట్టు. కార్పెట్ కింద మందపాటి స్పాంజి ఉంటుంది. పైన పొడిగా ఉందని నమ్మకు, అరచేత్తో గట్టిగా అదిమి చూడు. అంచు ఎత్తి, కింద చెక్కముక్క పెట్టి, రెండు మూడు రోజులు ఫ్యాను గాలి తగలనివ్వు. సీట్లు తియ్యాల్సి వస్తే మెకానిక్‌నే తియ్యమను. సీట్ల కింద పసుపురంగు కనెక్టర్లుంటాయి, అవి ఎయిర్‌బ్యాగులవి, బ్యాటరీ విప్పాకే వాటిని ముట్టుకోవాలి. లోపల తడి ఉండిపోయి వైర్లకి చిలుము పడితే ఈ రోజు అద్దం దిగదు, రేపు బండి స్టార్టవదు, కారణం దొరక్క గ్యారేజీ చుట్టూ తిరుగుతావు. మీది సముద్రపు గాలి, తుప్పు కాచుక్కూచుంటుంది. బండిలో ముక్కిన వాసన వస్తుంటే సెంటు సీసా తగిలించి ఊరుకోకమ్మా. ఆ వాసన బూజుది, చిన్నోడికి అసలే ఆయాసం.

ఇదంతా చినుకుల లీకు గురించే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో బళ్లు మునిగినట్టు ఎప్పుడైనా నీళ్లు సీటు దాకా వస్తే మాత్రం తాళం తిప్పకు. ఇంజిన్లోకి నీరు చేరి ఉంటే ఒక్క స్టార్టుతో లోపల రాడ్లు వంగిపోతాయి. లాగించి తీసుకుపోవాలి, ఇన్సూరెన్సు వాళ్లకి వెంటనే చెప్పాలి.

శనివారం రైలుకి నేనూ వస్తాను, పైపు నేను పడతాలే. అందాకా బండి కడిగించకు. రోజూ పొద్దున్నే మ్యాట్ ఎత్తి, తడి ఎంత మేర పాకిందో ఫొటో తీసి పంపించు.

మావయ్య