కర్చీఫ్ వేసిన సీటు

బస్సు ఇంకా ఆగనే ఆగదు, కిటికీల్లోంచి కర్చీఫులూ తువ్వాళ్లూ సీట్లలో పడిపోతాయి. ఆ గుడ్డముక్కని తీసి కూర్చునే ధైర్యం ఎవరికీ ఉండదు. శ్రమ కలిపినవాడిదే సొత్తు అన్న జాన్ లాక్ కూడా, మిగతావాళ్లకి సరిపడా మిగల్చాలని షరతు పెట్టాడు. మూడూ రెండూ సీట్ల ఎక్స్‌ప్రెస్‌లో మిగిలేదేముంది, బోనెట్ తప్ప?

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లు ఆడవాళ్లకి ఉచితం. అప్పట్నుంచీ "డబ్బులిచ్చి మేం నిలబడాలా?" అనే మాట తరచూ వింటున్నా. ఆ బస్సులో టికెట్ దూరానికి, సీటుకి కాదు. ఉచితం రాకముందూ డబ్బులిచ్చే నిలబడ్డాం కదా! సీటే కావాలంటే సూపర్ లగ్జరీ ఉంది, నంబరుతో సహా.

నేను మాత్రం ఎక్స్‌ప్రెస్సే ఎక్కుతాను. చవకని ఒక కారణం. ఇంకోటి, "కాస్త జరగన్నా" అంటే చాలు, ముగ్గురి సీట్లో నాలుగోవాళ్లకి చోటు పుడుతుంది. సూర్యాపేట దాకా ఒంటి తొడ మీదే అనుకోండి.