మిక్సీ ఎవరికిచ్చిన కానుక?

డిసెంబరు మొదటివారంలో మావాడు బెంగుళూరు నుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, క్రిస్మస్‌కి తనకి ఎయిర్ ఫ్రయర్ కొందామనుకుంటున్నా. సర్‌ప్రైజ్. నువ్వేమంటావ్?" అన్నాడు. వాడిదీ కోడలిదీ ఒకే రకం ఉద్యోగం, ఒకే రకం జీతం. నాకేం చెప్పాలో తోచలేదు. "తర్వాత చెప్తాలేరా" అని పెట్టేశాను. ఆ తర్వాత చెప్పడానికి వారం పట్టింది. వేపుళ్లు చేసుకునే ఒక డబ్బా గురించి ఇంత ఆలోచనేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ ఆ వారమంతా ముప్పై, నలభై ఏళ్ల కిందటివన్నీ పైకి వచ్చాయి.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. లూథరన్ సంఘం. 1842లో హేయర్ దొర గుంటూరు వచ్చిన దగ్గర్నుంచీ, ఒంగోలు వైపు 1878లో క్లౌ దొర కాలంలో వేలమంది బాప్తిస్మాలు తీసుకున్న దగ్గర్నుంచీ ఈ నల్లరేగళ్లలో క్రిస్మస్ పండగ ఉంది. అయితే మొగుడు పెళ్లానికి క్రిస్మస్ కానుకివ్వడం మాత్రం నా చిన్నప్పుడు ఏ ఇంట్లోనూ చూడలేదు. పండగంటే గోడలకు సున్నం, పిల్లలకు కొత్తబట్టలు, వెదురుబద్దలకు రంగుకాగితం అంటించిన నక్షత్రం. అవైనా పత్తి డబ్బు చేతికొస్తేనే. మిరప అప్పటికింకా చేలోనే ఉంటుంది, దాని కోతలు సంక్రాంతి దాటాకే ఊపందుకుంటాయి.

అట్లా పత్తి బాగా పండిన ఒక ఏడు, నేను హైస్కూల్లో ఉండగా, మా నాన్న పండగకు పేట నుంచి ఇత్తడి పంపుస్టవ్వు తెచ్చాడు. అమ్మ అప్పటిదాకా వండింది పత్తికట్టెతో, మిరపకట్టెతో. పత్తికట్టె భగ్గున మండి చప్పున ఆరిపోతుంది, మనిషిని పొయ్యి దగ్గర్నుంచి లేవనివ్వదు. మిరపకట్టెకు ఎక్కడో ఒక తాలుకాయ అంటుకుని ఉందంటే ఇంటిల్లిపాదికీ దగ్గు. ఆ స్టవ్వును చూసి అమ్మ ఏడ్చింది. సంతోషంతోనే. కార్డు మీద ఇచ్చే కిరసనాయిలు లాంతర్లకే చాలేది కాదు కాబట్టి ఆ స్టవ్వు ఎక్కువ కాలం గూట్లోనే కూర్చుంది. అయినా అమ్మ దాన్ని పండగపండక్కీ చింతపండుతో తోమి మెరిపించేది. అందుకే వంటింటి వస్తువును కానుకగా ఇవ్వడమే ఆడదాన్ని అవమానించడమని ఎవరైనా అంటే నేను తలూపలేను. ఆ మాట అనడం పొగలో వండని వాళ్లకు తేలిక.

ఇక నా సంగతి. 1986 క్రిస్మస్‌కు ఆయన నాకు మిక్సీ తెచ్చారు. అప్పటికి ఇద్దరం టీచర్లమే. ఆరాధన నుంచి వచ్చాక మా అత్తగారూ ఆడబిడ్డలూ చుట్టాలూ అందరూ ఉండగా "ఇదిగో నీ కానుక" అని చేతిలో పెట్టారు. "ఎంత అదృష్టవంతురాలివే" అన్నారందరూ. నేనూ అట్లాగే అనుకున్నాను. కారం, పసుపు, పచ్చడి అన్నీ రోట్లోనే కదా మరి. కారం కొట్టిన రాత్రి చేతులు ఎట్లా మండుతాయో ఈ ప్రాంతంలో పుట్టిన ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కొబ్బరినూనె రాసుకున్నా, మజ్జిగలో ముంచుకున్నా తెల్లారేదాకా నిద్ర పట్టదు.

జనవరిలో తెలిసింది, అది వాయిదాల మీద తెచ్చిందని. వాయిదాలు నా జీతంలోంచే కట్టాం. అడిగితే "మన డబ్బే కదా" అన్నారు. అదీ నిజమే. కానీ డబ్బు మనదైనప్పుడు మిక్సీ ఒక్కటే నాదెట్లా అయింది? పచ్చడి తినేది ఏడుగురు. అప్పుడు పైకి అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను.

ఇంకొకటి కూడా జరిగింది. రోలున్నప్పుడు నా పనికొక హద్దుండేది. "ఇవాళ రుబ్బలేను" అంటే మా అత్తగారు కూడా ఒప్పుకునేవారు. రుబ్బడం కష్టమని అందరికీ కనపడేది మరి. మిక్సీ వచ్చాక ఆ మాట చెల్లలేదు. "మిక్సీ ఉందిగా!" ఆదివారం ఆదివారం చేసుకునే ఇడ్లీ రోజువారీ టిఫినైంది. ఒక పచ్చడికి రెండు తోడయ్యాయి. అమెరికాలో రూత్ స్క్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో రాసిన పుస్తకంలో చెప్పింది ఇదే. వాషింగ్ మెషీన్లూ స్టవ్వులూ వచ్చాక మగవాళ్లు, పిల్లలు, పనివాళ్లు ఇంటిపని నుంచి తప్పుకున్నారనీ, తల్లి పని మాత్రం తగ్గలేదనీ. ఆమె మన వంటిళ్లు చూసి రాసింది కాదు. 2019లో మన ప్రభుత్వమే చేయించిన కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అసలు ఆ పని ముట్టుకునే మగవాళ్లే నూటికి 26 మంది. మిక్సీ లేని ఊరు దాదాపు లేని రోజుల లెక్క ఇది.

మా తమ్ముడు వ్యవసాయం చేస్తాడు. మా మరదలు క్రిస్మస్‌కు వాడికి మందు కొట్టే స్ప్రేయర్ కొని, రంగుకాగితం చుట్టి ఇచ్చిందనుకోండి, ఊరంతా నవ్వదూ? స్ప్రేయర్ పెట్టుబడి. పుస్తకంలో విత్తనాల పక్కన, ఎరువుల పక్కన దాని ఖర్చు రాస్తారు. మగవాడి పనిముట్టుకు ప్రేమ అక్కర్లేదు, పనికి కావాలంటే చాలు. మరి ఆడదాని పనిముట్టు పండగ దాకా, ఒకరికి ప్రేమ పుట్టేదాకా ఎందుకు ఆగాలి? రోకలి పోటుకు నా భుజం పట్టేసిన రోజునే, అది జూలై నెలైనా సరే, ఇంటిఖర్చు కింద మిక్సీ రాకూడదా?

ఇది చదివి వినిపిస్తే మా ఆయన నొచ్చుకున్నారు. "నువ్వు నాకు వాచీ కొన్నావు, బడికి టైముకి పోవడానికేగా? నేనేమన్నా అన్నానా?" అన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేను. పనికొచ్చేదల్లా కానుక కాకుండా పోదు. కాకపోతే ఆ వాచీ ఆయన చర్చికీ పెట్టుకెళ్లారు, పెళ్లిళ్లకీ పెట్టుకెళ్లారు. ఇష్టం లేని రోజు తీసి పక్కన పెట్టారు. ఇష్టం లేని రోజు మిక్సీ తీసి పక్కన పెట్టే వీలు నాకుందా?

వద్దనే వీలు, అమ్ముకునే వీలు, ఇంకొకరికి ఇచ్చేసే వీలు. ఇవి లేనిదాన్ని నాదని ఎట్లా అనుకోను? ఇది నాకు అమ్మ గుండిగతో అర్థమైంది. మన పక్క గిన్నెల మీద పేర్లు చెక్కిస్తాం కదా, పెట్టినవాళ్ల పేరు, తేదీ. అమ్మ పెళ్లికి పెట్టిన ఇత్తడి గుండిగ మీద మా తాత పేరుండేది. అమ్మ పేరు లేదు. 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. ఆ ఏడూ మరుసటి ఏడూ ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తిరైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. మా ఇంట్లో అంతదాకా రాలేదు గానీ పురుగుమందుల అప్పుకు ఆ గుండిగ తాకట్టుకు పోయింది. నాన్న అమ్మను అడగలేదు. అమ్మ అడ్డం పడలేదు. మళ్లీ అది ఇంటికి రాలేదు. భార్యకు రావలసిన స్త్రీధనాన్ని తిరిగి ఇప్పించే అధికారం 2005 గృహహింస చట్టం మేజిస్ట్రేటుకు ఇచ్చింది. ఆ చట్టం అప్పుడే ఉన్నా అమ్మ కోర్టు మెట్లెక్కేది కాదు. ఎవరి మీదని ఎక్కుతుంది? అప్పు నిజం, నాన్న భయం నిజం. కానీ "నీది తీసుకుంటున్నాను" అన్న ఒక్క మాట అని ఉండొచ్చు.

మా సంఘంలో పెళ్లిళ్లకు సామెతలు 31వ అధ్యాయం చదువుతారు, గుణవతియైన భార్య గురించి. ఆమె చీకటితోనే లేచి ఇంటివారికి భోజనం సిద్ధం చేయడం, రాత్రి ఆమె దీపం ఆరకపోవడం ఎన్ని ప్రసంగాల్లో విన్నానో లెక్కలేదు. అదే అధ్యాయంలో ఆమె పొలాన్ని చూసి కొంటుంది, తన సంపాదనతో ద్రాక్షతోట నాటిస్తుంది. ఆమె చేతుల ఫలాన్ని ఆమెకివ్వమని చివరి వచనం. ఆ రెంటి మీదా ఎవరూ ప్రసంగించగా నేను వినలేదు. మా ఎకరంన్నర మిరపచేను ఆయన పేరు మీదే ఉంది.

వారం తర్వాత మావాడికి ఫోన్ చేశాను. "సర్‌ప్రైజ్ వద్దు, ఆ పిల్లను అడుగు" అన్నాను.

"అడిగి ఇస్తే కానుకేముంటుందమ్మా?"

"సరే, వంట ఎవరు చేస్తున్నారు?"

"ఇద్దరం."

"నిన్న?"

"నిన్న స్విగ్గీ."

"మొన్న?"

కాసేపాగి "తనే" అన్నాడు.

రెండ్రోజులకు కోడలు చేసింది. "అత్తమ్మా, ఆయన ఎయిర్ ఫ్రయర్ చూస్తున్నాడు, ఫోన్లో కనపడింది. నాకేమో వద్దు. వద్దంటే మనసు కష్టపెట్టుకుంటాడేమోనని ఆలోచిస్తున్నా. మామయ్య మీకు మిక్సీ ఇచ్చినప్పుడు మీరేమన్నారు?"

"థ్యాంక్స్ అన్నాను" అని చెప్పాను.