అల్లుడూ, కోటింగు సంగతి ముందు విను



కొత్త కారు బుక్ చేశావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన రొళ్లలో వక్కతోట నమ్ముకుని కారు దాకా వచ్చావంటే నాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. షోరూంవాళ్లు బిల్లులో సిరామిక్ కోటింగు, టెఫ్లాన్, అండర్‌బాడీ కోటింగు అని 30 వేలు అదనంగా రాశారట కదా. "లోన్‌లో కలిపేస్తాం సార్, మీకు భారం తెలియదు" అన్నారట కదా. అప్పా, సంతకం పెట్టేముందు ఈ మామ మాట కాస్త చెవిన వేసుకో. హిందూపురంలో టింకరింగ్, పెయింటింగ్ షెడ్డులో ఏళ్ల తరబడి స్ప్రే గన్ పట్టిన చేతులివి. రంగు ఎలా పడుతుందో, ఎలా పోతుందో దగ్గరగా చూసినవాణ్ణి.

ముందే తేల్చి చెబుతా. ఆ సీసాల్లో ఉన్నది మోసం కాదు, పనిచేస్తుంది. అయితే చేసేది గోరంత, చెప్పేది కొండంత. ఆ గోరంత నీకు అవసరమా, దానికి అంత డబ్బు పెట్టాలా అన్నదే నువ్వు తేల్చుకోవాలి.

అసలు కారు మీద ఇప్పటికే ఏముందో తెలుసుకో. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ చూశావు కదా. 2017లో ఒప్పందం కుదిరింది, 2019 ఆగస్టుకల్లా సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే లెక్కన కట్టిన ఫ్యాక్టరీ అది. మనూరి పిల్లలు అక్కడా, చుట్టుపక్కల విడిభాగాల కంపెనీల్లోనూ పనిచేస్తున్నారు, అడిగితే వాళ్లే చెబుతారు. ఏ పెద్ద ఫ్యాక్టరీలోనైనా రంగు వేసే పద్ధతి దాదాపు ఒకటే. రేకు బాడీని శుభ్రంగా కడిగి ఫాస్ఫేట్ ద్రావణం పట్టిస్తారు. తర్వాత బాడీని మొత్తంగా రంగు తొట్టిలో ముంచి కరెంటు పంపిస్తారు. దాన్ని ఈడీ కోటు అంటారు. మా గన్ చేరలేని మూలలకూ, డోరు లోపలి మడతలకూ అది చేరుతుంది. తుప్పుకు అసలైన కాపలా అదే. దాన్ని 160 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. ఆపైన ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోటు వేసి మళ్లీ 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఇన్ని పొరలూ కలిపితే 100 నుంచి 130 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, దానికి రెండింతలు కూడా లేదన్నమాట. అందులో పైనుండే క్లియర్ కోటు 40 మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ. ఎండను తట్టుకునే మందులు ఆ క్లియర్ కోటులోనే కలిపి ఉంటాయి. షెడ్డులో మేం వేసే రంగుకు అంత వేడి పెట్టలేం, కారులోని ప్లాస్టిక్, వైరింగు కరిగిపోతాయి. అందుకే కంపెనీ రంగును గీకాలంటే తెలిసిన పెయింటరు చేయి వెనక్కి తీస్తాడు.

అంటే నీ కారు రక్షణతోనే వస్తోంది. దాని మీద వేసే సిరామిక్ కోటింగు మందం ఒకటి రెండు మైక్రాన్లు. అది సిలికాతో చేసిన పలుచని గాజులాంటి పొర. మంచి సరుకు, మంచి పనివాడు, దుమ్ములేని గది, ఆరేదాకా తడి తగలకుండా కొన్ని రోజుల ఓపిక, ఇన్నీ కుదిరితే రెండు మూడేళ్లు నిలుస్తుంది. నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి. మట్టి గట్టిగా అంటుకోదు, కడగడం తేలికవుతుంది. పక్షి రెట్ట, పురుగుల మరకలు రంగులోకి దిగడానికి కొంచెం ఎక్కువ టైం పడుతుంది. ఆయుధపూజనాడు బానెట్టు మీద పెట్టే పసుపూ, కుంకుమా తెల్ల కారు మీద ఎంత మొండి మరక వదులుతాయో నీకు తెలుసు, కోటింగు ఉంటే అది సులువుగా పోతుంది. ఇదంతా నిజమే.

గీతలు పడవన్న మాట మాత్రం నిజం కాదు. "9హెచ్ గట్టిదనం సార్" అంటారు. ఆ 9హెచ్ అన్నది పెన్సిల్ పరీక్ష. రకరకాల గట్టిదనం ఉన్న పెన్సిళ్లతో పొరను గీచి, ఏ పెన్సిలు దాకా గీత పడలేదో చూస్తారు. పెన్సిలు ముల్లు అంటే గ్రాఫైటూ, బంకమన్నూ. మన నేల సంగతి చూడు. రొళ్ల, మడకశిర చుట్టూ ఉన్నది రాతిగుట్టలు అరిగి ఏర్పడిన ఎర్రగరుసు. అందులో మెరిసే తెల్ల రేణువు పలుగురాయి, అంటే క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనం కొలతలో దానిది 7, మామూలు కత్తి ఉక్కు కన్నా గట్టిది. ఆ దుమ్ము పట్టిన కారును పొద్దున్నే పొడిగుడ్డతో తుడిస్తే, ఏ కోటింగు ఉన్నా గీతలు పడి తీరతాయి. ఎండలో సాలెగూడులా కనిపించే సన్నగీతలన్నీ అలా వచ్చినవే.

షోరూంలో సగం బానెట్టుకు పూసి, నీళ్లు చల్లి చూపిస్తారు. నీళ్లు జారడం చూసి మనసు పారేసుకోవద్దు. కొన్ని వందలు పెట్టి తెచ్చిన మైనం రుద్దినా నీళ్లు అలాగే జారతాయి. పైగా కోటింగుకు ముందు మెషిన్‌తో పాలిష్ పడతారు. నీ కంటికి కనిపించే మెరుపులో పెద్ద వాటా ఆ పాలిష్‌దే. చింతపండుతో తోమిన ఇత్తడి చెంబు ఎంత మెరిసినా, తోమినప్పుడల్లా పిసరంత అరుగుతుంది చూడు, పాలిష్ పట్టినప్పుడల్లా క్లియర్ కోటు గతి అంతే. కొత్త కారుకు దాని అవసరమే తక్కువ. హడావుడిగా పనిచేసేవాడి చేతిలో పడితే లేని గీతలు కొత్తగా వస్తాయి.

మన నీళ్ల సంగతి కూడా ఆలోచించు. మన బోరునీళ్లు ఉప్పునీళ్లు, ఫ్లోరైడు ఉన్న నీళ్లు. ఆ బాధ తట్టుకోలేకే కదా 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం ఈ జిల్లా ఊళ్లకు వచ్చింది. ఆ బోరునీళ్లు వేడిరేకు మీద ఆరితే తెల్లటి సున్నపు మచ్చలు మిగులుతాయి. కోటింగు వేసిన కారు మీద నీళ్లు బొట్లుబొట్లుగా నిలుస్తాయి కాబట్టి తుడవకుండా ఎండలో వదిలేస్తే మచ్చలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. వారంటీ కాగితంలో సన్నక్షరాలు చదివితే నీటి మచ్చలు, పక్షి రెట్ట, రాళ్ల దెబ్బలు మా బాధ్యత కాదని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఏటేటా డబ్బు కట్టి సర్వీసు చేయించుకోకపోతే వారంటీ చెల్లదనీ ఉంటుంది.

టెఫ్లాన్ అన్న పేరుకు కూడా మోసపోవద్దు. పెనం మీద టెఫ్లాన్ పట్టుకోవాలంటే 300 డిగ్రీలు దాటిన వేడి కావాలి. నీ కారును ఆ వేడిలో పెడితే రంగే మిగలదు. కారుకు టెఫ్లాన్ పేరుతో పూసేది మామూలు పాలిష్ కోవలోదే, కొన్ని నెలలకే పోతుంది. అండర్‌బాడీ కోటింగు కాకినాడలోనో, విశాఖలోనో ఉప్పుగాలికి కారు పెట్టేవాడు ఆలోచించుకోవాల్సిన ఖర్చు. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే. సముద్రం మనకు చాలా దూరం. నీకు దాని తొందర లేదు.

రాళ్ల దెబ్బను నిజంగా ఆపేది ఒకటుంది, పీపీఎఫ్ అంటారు. 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉన్న పాలియురేథేన్ ఫిల్మ్ అది. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ రెక్కలను ఇసుక, రాళ్ల నుంచి కాపాడడానికి పుట్టిన సరుకు. చిన్నచిన్న గీతలు ఎండవేడికి వాటంతటవే మాసిపోయే రకాలూ ఉన్నాయి. పనిచేస్తుంది, కానీ కారంతా వేయించాలంటే ఖర్చు లక్షకు అటూ ఇటూ పోతుంది. నాసిరకమైతే పచ్చబారుతుంది. మడకశిర, శిర రోడ్డు మీద కంకర టిప్పర్ల వెనక రోజూ తిరిగే పని ఉంటే ముందు బంపరుకు, బానెట్టు ముందు అంచుకు మాత్రం వేయించుకో, తప్పులేదు. టిప్పరుకు దూరంగా బండి నడిపితే అంతకన్నా మేలు, అది ఉచితం.

ఇక డబ్బు లెక్క. 30 వేలు లోన్‌లో కలిపారనుకో. 9.5 శాతం వడ్డీకి ఏడేళ్లంటే నువ్వు కట్టేది దాదాపు 41 వేలు. రెండు మూడేళ్లకే పోయే పొరకు ఏడేళ్లు వడ్డీ కట్టడం నీకు ఏం న్యాయం? మోజు తీరకపోతే కారు వచ్చి కొన్నాళ్లయ్యాక, చేతిలో డబ్బు ఉన్నప్పుడు, బయట మంచి డీటెయిలింగ్ షాపులో అడిగి చూడు. సరుకు పేరేమిటి, ఎన్ని పొరలు, ఎన్ని రోజులు కారు పెట్టుకుంటారు, వారంటీ వేటికి వర్తించదు, ఇవన్నీ కాగితం మీద రాయించుకో. గంటలో చేసిస్తామంటే వెనక్కి వచ్చేయ్. వద్దన్న సరుకు బిల్లులో కలిపి, అది లేకపోతే కారు ఇవ్వమంటే భయపడొద్దు, 1915కు ఫోన్ చెయ్. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం నీ పక్షానే ఉంది.

ఇప్పుడు నీ చేతిలో ఉన్న పని చెబుతా, ఇది తప్పకుండా చెయ్. దుమ్ము మీద పొడిగుడ్డ వేయొద్దు, ముందు నీళ్లతో దుమ్మంతా జారనివ్వు. బట్టల సబ్బు, గిన్నెల సబ్బు వాడొద్దు, కారు షాంపూ చిన్న డబ్బా తెచ్చుకో. రెండు బకెట్లు పెట్టుకో, ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించే నీళ్లు. మైక్రోఫైబర్ గుడ్డతో పైనుంచి కిందికి కడుగు. పొద్దెక్కకముందో, పొద్దువాలాకో నీడలో కడిగి వెంటనే తడి తుడిచెయ్. మన చింతచెట్ల నీడ చల్లగా ఉంటుంది, కానీ పక్షి రెట్ట, జిగురు రెండూ అక్కడే పడతాయి. రెట్ట పడితే ఆ రోజే తడిగుడ్డ వేసి నానబెట్టి తియ్, ఎండకు కాలితే అచ్చు పడిపోతుంది. ఆయుధపూజ అయిన సాయంత్రమే కుంకుమ కడిగెయ్. దుమ్ముపట్టిన కారు మీద కవరు కప్పొద్దు, గాలికి కవరు ఊగితే ఉప్పుకాగితం రుద్దినట్టే. ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకో. ఎండ నుంచి రంగును కాపాడడంలో ఏ సీసా దానికి సాటిరాదు. రెండు మూడు నెలలకోసారి నీ చేత్తోనే మైనం పట్టించు, చాలు.

ఆ 30 వేలలో కొంత తీసి బిడ్డకు చైల్డ్ సీటు కొను. ఒళ్లో కూర్చోబెట్టుకుని శిర రోడ్డెక్కొద్దు. వెనక సీట్లో మీ అమ్మకు కూడా బెల్టు పెట్టించు. మిగిలింది టైర్లకు, సర్వీసుకు దాచుకో. రంగు పోతే నాలాంటివాడు పూసిస్తాడు నాయనా, మనిషికి దెబ్బ తగిలితే పూయడానికి ఎవరి దగ్గరా గన్ లేదు. బండి వచ్చిన రోజు కబురు చెయ్, నిమ్మకాయలు నేనే తెస్తా. చల్లగా ఉండు.