పసివాడి కన్నులు - ప్రభుత్వపు కత్తెర

పిల్లలు చూసే టెలివిజన్‌లో హింసను అదుపుచేసే హక్కు ప్రభుత్వానికి ఉన్నదా? ఈ ప్రశ్న రాగానే మనవాళ్ళు రెండు జట్లవుతారు. ఒక జట్టు పసివాళ్ళ మేలు తలుస్తుంది. రెండవది భావస్వాతంత్ర్యానికి ముప్పు వచ్చిందంటుంది. రెండు భయాలూ న్యాయమైనవే. కాని ఆ హింసను తయారుచేసేది ఎవరు, ఎందుకు అని మాత్రం ఎవరూ అడగరు.

అమెరికా అనుభవం ఇక్కడ పరిశీలించదగినది. తెరమీది హింసకూ కొందరు పిల్లల దుడుకుతనానికీ సంబంధం ఉన్నదని 1972లో అక్కడి సర్జన్ జనరల్ సలహా సంఘం సూచించింది. 1975లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఒత్తిడి మీద ప్రసార సంస్థలు రాత్రి 9 గంటలకు ముందటి కాలాన్ని కుటుంబ వీక్షణకు కేటాయించినవి. ఫలితమేమిటి? 8 గంటలకు పేలవలసిన తుపాకి 9 గంటలకు పేలవచ్చును! తుపాకి పోరాటాల కథ కాని హాస్య నాటకం "ఆల్ ఇన్ ద ఫ్యామిలీ" కూడా 9 గంటలకు జరిగిపోయింది. అందులో ఉన్నది జాతి దురహంకారం మీద, వియత్నాం యుద్ధం మీద వాదులాట. హింసకోసం నూరిన కత్తెర నాలుకను తాకింది. కోర్టుకెక్కినవారిలో రచయితలే ముందున్నారు. కమిషన్ ఒత్తిడి రాజ్యాంగ విరుద్ధమని 1976లో న్యాయమూర్తి తేల్చాడు. విచారణాధికారం ప్రశ్న మీద ఆ తీర్పు 1979లో రద్దయింది. అది నేర్పిన పాఠం రద్దు కాలేదు.

1996 నాటి చట్టం కత్తెరను తల్లిదండ్రులకు అప్పగించింది. 13 అంగుళాలు, అంతకు మించిన టెలివిజన్లలో "వి-చిప్" ఉండాలన్నది. వినసొంపుగానే ఉన్నది. కాని రాత్రి షిఫ్టుకు పోయిన తల్లి ఏ మీట నొక్కుతుంది? పైగా ఏ కార్యక్రమం ఏ వయసుకు తగునో గుర్తు వేసేది వాటిని ప్రసారం చేసి బతికే సంస్థలే!

1990 నాటి చట్టం వేరొక దారి చూపింది. పిల్లల కార్యక్రమాలలో వ్యాపార ప్రకటనలు వారాంతంలో గంటకు పదిన్నర నిమిషాలు, తక్కిన రోజులలో 12 నిమిషాలు మించరాదన్నది. అడుగు చిన్నదే. అయినా అది కథ జోలికి పోలేదు, అంగడిని ముట్టుకున్నది. ప్రకటనదారుకు చూపరుల గుంపు కావాలి. గుంపును చేర్చడానికి నెత్తురు చవకైన సరుకు. ఆ లాభాన్ని తాకని నియమం హింస వేళను మార్చగలదే గాని, హింసను తగ్గించలేదు.

కత్తెరంటే నాకూ భయమే. నేడు తుపాకిని కత్తిరించిన చేయి రేపు సమ్మె దృశ్యాన్ని కత్తిరించదన్న హామీ లేదు. అంతమాత్రాన పసివాడిని అంగడికి వదిలేయడం స్వేచ్ఛ అనిపించుకోదు. నిషేధం కోరేవారు దాని పిడి ఎవరి చేతిలో ఉంటుందో అడగాలి. స్వేచ్ఛ కోరేవారు అది ఎవరి స్వేచ్ఛో అడగాలి. ఈ రెండు ప్రశ్నలూ కలిసి అడిగిన నాడే పసివాడి పక్షాన మాట్లాడినవారమవుతాము.