చలిని ఓర్చేది ఎవరు?

కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో నీరు సాధారణంగా 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటుంది. 7 మిల్లీమీటర్ల మందం నియోప్రీన్ రబ్బరు సూటు, హుడ్, గ్లోవ్స్ వేసుకుని స్కూబా డైవింగ్‌కు దిగినా అరగంటకల్లా నా వేళ్లు మొద్దుబారతాయి. నాతో దిగే మిత్రుడు భారీ మనిషి, అదే సూటులో హాయిగా తిరుగుతాడు.

చలీ వేడీ వచ్చిపోయేవి, ఓర్చుకో అని గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి చెబుతాడు. మరి మా ఇద్దరిలో ఓర్పు ఎవరిది? బాధే లేనిచోట ఓర్పుకు పనేముంది? నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. లోతుకు వెళ్లేకొద్దీ నియోప్రీన్‌లోని బుడగలు నలిగి సూటు పలచబడుతుంది. ఒంట్లో కొవ్వున్నవాడు కాస్త ఎక్కువసేపు నిలుస్తాడు, అంతే. ఇందులో సాధన ఏదీ లేదు.

శంకరుల పేరిట ప్రసిద్ధమైన వివేకచూడామణి ఇంకా కఠినం. విరుగుడు వెతక్కుండా, చింత లేకుండా, విలపించకుండా దుఃఖాన్ని భరించడమే తితిక్ష అంటుంది. మొదటి షరతును నీళ్లలో నేను ఒప్పుకోను. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పడితే ఆలోచనే మసకబారుతుంది. ఓర్చుకోవాలని నిశ్చయించుకున్న మనసే నిలవనప్పుడు ఆ ఓర్పు ఎవరిది? మిగతా రెండు షరతులూ నాకు శిరోధార్యం. వణుకు మొదలవగానే గాభరాపడకుండా, సిగ్గుపడకుండా బొటనవేలు పైకి చూపిస్తాను, అంటే పైకి వెళదామని. ఎవరైనా, ఏ కారణానికైనా డైవ్ ఆపవచ్చన్నది మా నియమం.

నా మిత్రుడికి అప్పటికింకా చలి వేయదు. ట్యాంకులో గాలి ఉంటుంది, చుట్టూ అతనికి ప్రాణమైన కెల్ప్ అనే సముద్రపు నాచు అడవి. అయినా ముఖం ముడుచుకోకుండా నాతోపాటే పైకొస్తాడు. ఆ పూట తితిక్ష అతనిదేనని నా నమ్మకం.