ఎండిన బోరు, మాడిన దూది

చెడ్డదని తెలిసిన వస్తువు చెడిపోతే దాన్ని బాగుచెయ్యొచ్చా? వినడానికి పొడుపుకథలా ఉంటుంది గానీ, చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్న ప్రతివాడికీ ఏదో ఒకరోజు ఎదురయ్యే ప్రశ్నే ఇది. ఆ వస్తువు పాడ్ వేప్ అయితే ప్రశ్న ఇంకాస్త ముదురుతుంది. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా మొదలై, డిసెంబరులో చట్టమైన నిషేధం మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, రవాణాని, నిల్వని, ప్రకటనల్ని నేరం చేసింది. అమ్ముతూ మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పీల్చడాన్ని మాత్రం విడిగా నేరమనలేదు. మరమ్మతు ఊసే లేదు. చట్టం అక్కడ ఆగింది కాబట్టి మిగతా దూరం మనమే ఆలోచించుకుంటూ నడవాలి.

నాకీ ప్రశ్న తెచ్చిపెట్టింది మా చిన్నాయన కొడుకు. వాడికి బెంగళూరులో ఉద్యోగం. పండక్కి బత్తలపల్లె వచ్చినప్పుడు నన్ను మిద్దెమీదికి పిలిచి, వేలెడంత పరికరం చేతిలో పెట్టాడు. "అన్నా, నీకు సోల్డరింగ్ వస్తాది గదా. లైటు ఊరికే మిణుకుమిణుకుమంటాంది. ఒగోసారి పీలిస్తే ఏమీ రాదు, వస్తే మాడు కంపు. రొంత సూడు." షాపుకి తీసుకుపోలేడు. దానికి సర్వీస్ సెంటరుండదు, వారంటీ ఉండదు. నిషేధించిన వస్తువుకి రిపేరు కూడా రహస్యమే.

విప్పితే పెద్ద మాయేమీ లేదు. చిన్న లిథియం బ్యాటరీ, పీల్చినప్పుడు గాలి కదలికని పసిగట్టే సెన్సరు, పైన ద్రవం నింపిన పాడ్. పాడ్ లోపల దూది, దూదిని తాకుతూ సుమారు 1 ఓమ్ నిరోధం ఉన్న తీగచుట్ట. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, పరిమళం కలిసిన ద్రవాన్ని దూది పీల్చుకుంటుంది; తీగ వేడెక్కి దాన్ని ఆవిరి చేస్తుంది. లైటు మిణుకుమనడానికి కారణం పాడ్ అడుగున, బ్యాటరీ పిన్నుల మీద పేరుకున్న జిగురు తేమ. పొడిగుడ్డతో తుడిస్తే పోయింది. బ్యాటరీ ఉబ్బిందేమోనని చూశాను, ఉబ్బలేదు. ఉబ్బి ఉంటే మళ్లీ ఛార్జింగుకి పెట్టనిచ్చేవాణ్ణి కాదు. మాడు వాసన సంగతి వేరు. ద్రవం అందక దూది ఎండి కాలింది. కాలిన దూదికి రిపేరు లేదు.

"ఆ వాసన రాకుండా ఏమన్నా సెయ్యన్నా" అన్నాడు. అసలు చిక్కు అక్కడ మొదలైంది.

ఆ వాసన మనకు మరీ కొత్తదేమీ కాదు. బాణలిలో శనక్కాయ నూనె పొగలొచ్చేదాకా కాగితే కళ్లు మండి గొంతు పట్టేస్తుందే, ఆ ఘాటులో ఆక్రోలీన్ ఉంటుంది. గ్లిజరిన్ మితిమీరి కాగినా అదే పుడుతుంది, దానికి తోడు ఫార్మాల్డిహైడ్. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక లేఖ రాశారు. ఈ-సిగరెట్‌ని 3.3 వోల్టుల దగ్గర నడిపితే ఫార్మాల్డిహైడ్ జాడ దొరకలేదని, 5 వోల్టుల దగ్గర బాగా దొరికిందని. గ్రీకు వైద్యుడు కాన్‌స్టాంటినోస్ ఫర్సలినోస్ బృందం అదే ఏడాది దానికి ఎదురు చెప్పింది. దూది ఎండి మాడినప్పుడే ఇవి అంత ఎక్కువగా పుడతాయి, అప్పుడు ఆవిరి భరించలేనంత చేదుగా ఉంటుంది, వాడేవాడు పీల్చడం ఆపేస్తాడు అని. ఆ వాదంలో ఎవరిది పైచేయి అన్నది అలా ఉంచితే, నా మనసులో ఉండిపోయింది ఒకటే. ఆ విషానికీ ఊపిరితిత్తులకీ మధ్య కాపలా ఉన్నది ఆ పాడు రుచి.

మిగతా హెచ్చరికల్ని తయారీదారులు ముందే నున్నగా చేసేశారు. మామూలు నికోటిన్ ద్రవం మోతాదు పెరిగితే గొంతు గీరుకుపోతుంది. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ నికోటిన్‌కి బెంజోయిక్ ఆమ్లం కలిపి ఆ గరుకుని తగ్గించింది. తర్వాత వచ్చిన పాడ్‌లు చాలా వరకు అదే దారి పట్టాయి. ఎంత తీసుకుంటున్నావో గొంతు చెప్పదు, బట్టలకు కంపు పట్టదు, బూడిద రాలదు. పరికరం బాగా పనిచేసినంతసేపూ నీకు ఏం చేస్తున్నదో నోరు విప్పదు. చెడినప్పుడే ఒక్క నిజం చెబుతుంది. ఆ నిజాన్నే తమ్ముడు నన్ను తీసెయ్యమన్నాడు.

ఈ నేల మీద పెరిగినవాడికి ఇక్కడ బోరు మోటారు గుర్తురాక తప్పదు. అనంతపురం వైపు ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. వెయ్యి అడుగులు దింపిన బోర్లు ఎవరికీ వింత కాదు. లోపల మోటారుని చల్లగా ఉంచేది దాని చుట్టూ ఉన్న నీళ్లే. నీళ్లు తగ్గి గాలి లాగితే వైండింగ్ మాడిపోతుంది. అలా జరక్కుండా స్టార్టర్ దగ్గర ఒక రిలే పెట్టుకుంటారు, నీళ్లు లేనప్పుడు అది మోటారుని ఆపేస్తుంది. ఎండుతున్న చేను ముందు నిలబడ్డ రైతుకి ఆ ఆగడమే శత్రువులా కనబడుతుంది. "ఆ రిలే పీకేసి డైరెక్టు ఇచ్చెయ్" అంటాడు. మంచి మెకానిక్ కాలిన వైండింగ్ మళ్లీ చుట్టిస్తాడు, "బోర్లో నీళ్లుండాయో లేదో ముందు సూసుకోప్పా" అంటాడు. డైరెక్టు మాత్రం ఇవ్వడు.

బాగుచెయ్యడం, నోరు నొక్కడం పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండింటి తర్వాతా యంత్రం నడుస్తుంది, రెండింటికీ డబ్బులిస్తారు. గీత మాత్రం వాటి మధ్యే ఉంది.

అసలు ముట్టుకోకుండా తిప్పి పంపితే పోయేది కదా అని అడగొచ్చు. ఆ మాటకీ బలముంది. మా ఊళ్లోని ఆర్డీటీ ఆసుపత్రికి క్షయ వైద్యం కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఊపిరి విలువ ఇక్కడ ఉపన్యాసంగా చెప్పక్కర్లేదు. ఎన్నడూ సిగరెట్ ముట్టని పిల్లలు మామిడి రుచి, పుదీనా రుచి చూసి దీనికి అలవాటుపడుతున్నారన్నదీ నిజమే. కానీ మావాడు సిగరెట్లు మాని దీనికొచ్చాడు. బ్రిటన్‌లో సిగరెట్ మానాలనుకునే పెద్దవాళ్లకు ఎన్‌హెచ్‌ఎస్ దీన్నొక దారిగా చెబుతుంది. ఇక్కడ ఇది నేరం, బీడీకట్ట మాత్రం ప్రతి అంగట్లో ఉంటుంది. నేను తిప్పి పంపితే వాడు మంచివాడైపోతాడన్న భరోసా ఏమీ లేదు. బంకు దగ్గరికైనా పోవచ్చు, ఎవరు చేశారో తెలియని నకిలీ పాడ్ అయినా కొనొచ్చు. నా చేతులు శుభ్రంగా ఉంటాయి, అంతే.

అందుకే పిన్నులు తుడిచిచ్చాను, ఆ వాసన ఏమిటో పూసగుచ్చినట్టు చెప్పాను. దాన్ని తప్పించే ఉపాయం మాత్రం చెప్పలేదు. మాడిన పాడ్ పారెయ్యాల్సిందే, ఇంకోటి కొనాలో వద్దో వాడిష్టం. వాడికి కోపమొచ్చింది. రావడంలో తప్పులేదు.

నిషేధం వస్తువుని ఎంతవరకు ఆపిందో గానీ, దాని గురించి మాట్లాడ్డాన్ని బాగానే ఆపింది. ఉబ్బిన బ్యాటరీ అంటుకోవచ్చని, కారిన నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుందని, పసిపిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుందని చెప్పాల్సినవాళ్లు అందరూ చాటుకి పోయారు. కొన్నవాడు ఎవరినీ అడగలేడు, అమ్మినవాడు చిరునామా ఇవ్వడు. ఇలాంటిచోట ప్రమాదం గురించి చెప్పడానికి షరతులు పెట్టకూడదు. ఎదుటివాడు మానేస్తానంటేనే చెబుతాననడం, మందు మానితేనే కట్టు కడతాననడం లాంటిది. అలాగని అడిగిందల్లా చెయ్యడమూ సాయం అనిపించుకోదు. నొప్పి తెలియకుండా మాత్ర వేసుకుని విరిగిన కాలితో నడిచేవాడికి, ఆ మాత్ర అందించినవాడు దోస్తే కావచ్చు, కాలు మాత్రం అతుక్కోదు. ఆగిన యంత్రాన్ని నడిపించే ముందు అది ఎందుకు ఆగిందో అడగడం, తెలిసింది దాచకుండా చెప్పడం కూడా రిపేరు కిందికే వస్తాయి.